ఎగరని విమానాలతో కాపురం

ఎగిరిన విమానం మీద నాకు మోజు లేదు. బెంగళూరులో ఎయిర్ షో జరిగితే జనమంతా తలెత్తి చూస్తారు. నేను ఇంట్లో కూర్చుని, ఏనాడూ రన్‌వే ముఖం చూడని విమానానికి గరుకు కాగితంతో రెక్కలు రుద్దుతుంటాను. డ్రాయింగులు గీసి, లెక్కలు కట్టి, ఆర్టిస్టుల చేత రంగుల బొమ్మలు వేయించి, ఆఖరికి డబ్బు చాలక ఫైలు మూసేసినవే నాకు కావాలి. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్ళ రెక్కల వాహనం ఆర్‌ఎల్‌వీ పైకి లేచినప్పుడు మా ఆవిడ, పాపం నా కోసమే, టీవీ ముందు నుంచి కేకేసింది.

"ఏమండీ, మీ బొమ్మల్లాంటిది ఎగిరిందట!"

"ఎగిరిపోయిందా?" అన్నాను, ఇంట్లో దొంగలు పడ్డట్టు.

దీనికంతటికీ మూలం బోయింగ్ 2707. కాంకార్డ్‌ను తలదన్నే సూపర్‌సోనిక్ విమానం కట్టడానికి అమెరికా ప్రభుత్వం 1966 చివర్లో బోయింగ్‌ను ఎంచుకుంది. ధ్వనికి 2.7 రెట్ల వేగం. మొదట రెక్కలు వెనక్కి మడుచుకునేలా గీశారు. ఆ కీళ్ళ బరువు భరించలేక, కదలని రెక్కలతో మళ్ళీ గీశారు. 26 ఎయిర్‌లైన్లు 122 విమానాలకు పేర్లు రాయించుకున్నాయి, మన ఎయిర్ ఇండియాతో సహా. 1971 మార్చిలో అమెరికా కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. మిగిలిందల్లా అసలు సైజులో చేసిన ఉత్తుత్తి విమానం ఒకటి. అది ఫ్లోరిడాలో ఒక ప్రదర్శనశాల చేరింది. ఆ ప్రదర్శనశాల మూతపడి, భవనాన్ని చర్చి వాళ్ళు కొనుక్కుంటే, కొన్నేళ్ళు ప్రార్థనలు వింటూ కాలక్షేపం చేసింది. ఆ విమానం పేరు మీద సియాటిల్‌లో పెట్టుకున్న బాస్కెట్‌బాల్ టీమ్ సూపర్‌సోనిక్స్ మాత్రం 1979లో ఛాంపియనైంది.

ఈ కథ చెప్పేటప్పుడు నాకు గొంతు పూడుకుపోతుంది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడా జాలిపడింది. విమాన నమూనాల కిట్ల పార్సిళ్ళకు కస్టమ్స్ సుంకం కట్టడం మొదలయ్యాక, "ఆ కాంగ్రెస్‌లో బుద్ధున్న ఇల్లాలెవరో ఉండుంటుంది" అంది.

అయినా మనసు మంచిది. ఒక సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్ల మీద కాస్త ఖాళీ మిగిలితే తనే 2707ను అడిగి తీసుకుని, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన పెట్టింది. పేరంటానికొచ్చిన పక్కింటి పిన్నిగారు ముచ్చటపడ్డారు.

"మీ అబ్బాయి అమెరికా వెళ్ళింది దీంట్లోనేనా?"

"కాదండీ, ఇది ఎగరలేదు."

"పాడైపోయిందా?"

"లేదండీ, అసలు కట్టనేలేదు."

"కట్టకుండా ఎలా పాడైంది బాబూ?"

ఇంత సూటి ప్రశ్న అమెరికా సెనేట్‌లో కూడా ఎవరూ అడిగి ఉండరు. కుర్చీ లాక్కుని, రెక్కల కీళ్ళ బరువు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆవిడ శనగలు, తాంబూలం పట్టుకుని లేచిపోయారు.

నా అసలు జబ్బు స్కేలు లెక్క. నా నమూనాలు అసలులో 144వ వంతు, కాబట్టి ఏ విమానం కనబడినా 144తో భాగించి, ఇంట్లో ఎక్కడ పడుతుందా అని చూస్తాను. 1962లో ఏరోజెట్ కంపెనీలో రాబర్ట్ ట్రూయాక్స్ ఊహించిన సీ డ్రాగన్ రాకెట్టు ఎత్తు 150 మీటర్లు, అడ్డకొలత 23 మీటర్లు. దానికి లాంచ్‌ప్యాడ్ అక్కర్లేదు. ఓడల కార్ఖానాలో ఉక్కు రేకుతో చేసి, సముద్రంలోకి లాక్కెళ్ళి, అడుగున బరువు కడితే నిలువుగా తేలుతుంది. అక్కడే అంటించడం. 550 టన్నులు కక్ష్యకు మోసుకెళ్తుందని అంచనా. ఖర్చు తగ్గాలంటే రాకెట్టు నాజూకుగా కాదు, పెద్దగా, మొరటుగా ఉండాలన్నది ట్రూయాక్స్ వాదం. మా ఇంట్లో ప్రతి మరమ్మతుకీ నేను ఈ వాదమే వాడుకున్నాను. బాల్కనీ తలుపుకి నేను బిగించిన గడియ చూసినవాళ్ళకి సంగతి తెలుస్తుంది.

సీ డ్రాగన్‌ను 144తో భాగిస్తే 1.04 మీటర్లు. గుమ్మం పక్కన పడుతుంది. లాక్‌హీడ్ వాళ్ళు 1969లో ఊహించిన సీఎల్-1201 అనే అణుశక్తి విమానం ఉంది. అది యుద్ధవిమానాల్ని రెక్కల కింద తగిలించుకుని తిరుగుతుందట. ఆ రెక్కల వెడల్పు 341 మీటర్లు, భాగిస్తే 2.37. మంచం తీసేస్తే పడుతుంది. ఈ మాట పైకే అన్నాను. ఆ రాత్రి హాల్లో పడుకున్నాను.

చిత్రాల పిచ్చి వేరే ఉంది. 1975 వేసవిలో నాసా ఏమ్స్ కేంద్రంలో జరిగిన అధ్యయనంలోంచి పుట్టింది స్టాన్‌ఫర్డ్ టోరస్. పదివేలమంది కాపురముండే చక్రం, నిమిషానికో చుట్టు తిరుగుతూ బరువు పుట్టిస్తుంది. డాన్ డేవిస్ లాంటి చిత్రకారులు దాని లోపల చెట్లూ, నీళ్ళూ, ఇళ్ళూ వేశారు. ప్రింటు ఒకటి ఫ్రేము కట్టించి తగిలించాను. మా ఆవిడ దాన్ని దగ్గరికెళ్ళి పరిశీలించి, "పదివేలమందిలో ఒక్కరూ బట్టలారేసుకోలేదేం?" అంది. ఆ ఊళ్ళో నాకు అంతవరకూ ఏ లోపమూ కనబడలేదు.

మన దగ్గరా ఇలాంటి సంపద ఉంది. హైదరాబాదులో భారత్ డైనమిక్స్ అధిపతిగా పనిచేసిన ఎయిర్ కమొడోర్ గోపాలస్వామి 2001లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ సదస్సులో 'అవతార్' ప్రతిపాదన వివరించారు. పాతిక టన్నుల విమానం రన్‌వే మీంచి లేచి, దారిలో గాలిలోంచే ఆక్సిజన్ పట్టి, ద్రవంగా మార్చుకుని కక్ష్యకు చేరాలన్నది ఆలోచన. అది తయారు కాలేదు, అందుకే నాకు ప్రాణం. కిట్ దొరక్క బాల్సా చెక్కతో నేనే చెక్కుతున్నాను.

ఇదే చేత్తో మా ఆవిడ అడిగిన చెప్పుల స్టాండుకీ డ్రాయింగు వేశాను. పై నుంచి, పక్క నుంచి, ఎదుటి నుంచి మూడు బొమ్మలు, ఆపైన సాయంత్రపుటెండలో స్టాండు ఎలా ఉంటుందో రంగుల్లో ఒకటి. చెక్క కొనడం రెండో దశ. మా ఆవిడ ఆ డ్రాయింగును షోకేసులో 2707 పక్కన పెట్టి, వడ్రంగిని పిలిపించింది.

ఆ స్టాండు ఇప్పుడు గుమ్మం పక్కనే ఉంది. కాబట్టి పాఠకులకు ఒక మనవి. సీ డ్రాగన్ భాగాలు త్రీడీ ప్రింట్ చేసిచ్చేవాళ్ళు దొరికారు, చోటే లేదు. మీ ఇంట్లో మూడున్నర అడుగుల ఎత్తు, అడుగు వెడల్పు ఖాళీ మూల ఎక్కడైనా ఉంటే చెప్పండి. దుమ్ము నేనే వచ్చి తుడుచుకుంటాను.