ప్రేమాభిమానములచేత

దాన సెటిల్మెంట్ దస్తావేజులో ఒక వాక్యం రాసి తీరాలి. ‘మీయందు నాకు గల ప్రేమాభిమానములచేత, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, మనఃపూర్వకముగా’ అని. దస్తావేజు లేఖరిగా అది నా చేతికి అలవాటైపోయిన వాక్యం. ప్రేమ ఉందా అని సబ్ రిజిస్ట్రారు అడగరు. ఆధార్ ఉందా అని అడుగుతారు.

2021లో ఇద్దరు అన్నదమ్ములకి ఆ వాక్యం రాశాను. అన్నగారికి విజయవాడ బందరు రోడ్డులో ఎలక్ట్రికల్ షాపు. గన్నవరం వైపు 400 గజాల స్థలం, పోరంకిలో ఫ్లాటు. రెండూ స్వార్జితమే. రెండూ ఒకే రోజు తమ్ముడి పేరుకి ఎక్కించేస్తున్నాడు. అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో ఆయనే గొప్పగా చెప్పాడు. పుట్టింటికెళ్లి ఏడాది దాటిన భార్య భరణానికి కేసు వేసిందట.

‘‘ఇప్పుడు రూల్సు మారాయండీ. మొన్న 2020 నవంబరులో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. భరణం కేసన్నాక మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆస్తులూ అప్పులూ రాసి అఫిడవిట్ వేయాల్సిందే. ప్రమాణం చేసి అబద్ధం ఎలా రాస్తాం? అందుకని నాకేమీ లేదన్న మాటని ముందే నిజం చేసేస్తున్నా.’’

ఆ ఫారంలో పెళ్లయ్యాక అమ్మినవీ, బదిలీ చేసినవీ కూడా కారణంతో సహా చెప్పమనే గడి ఒకటుంది. అందులో ఆయన ‘లేవు’ అని రాశాడని తరవాత తెలిసింది.

తమ్ముడు మాత్రం పాపం బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. వేలిముద్ర వేసే ముందు, ‘‘నా పేరెందుకన్నయ్యా, అమ్మ పేర పెట్టరాదూ’’ అన్నాడు.

‘‘ఊరికే కాగితం మీదేరా! కేసు తేలగానే తిరిగి రాసిద్దువుగాని’’ అని వీపు తట్టాడు అన్న.

నా ధర్మంగా నేనొక మాట చెప్పాను. గిఫ్టు రిజిస్టరై, పుచ్చుకున్నవాడు సరేనన్నాక, నాకు మనసు మారిందంటూ ఇచ్చినవాడు వెనక్కి లాక్కోవడానికి ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షను ఒప్పుకోదని. ఆయన నవ్వి, ‘‘వాడు మా తమ్ముడండీ’’ అన్నాడు. నా ఫీజు ఇచ్చి, పైన వంద కూడా ఇచ్చాడు.

ఆయన భార్య తరఫువాళ్లు ఒక్క ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించి ఉంటే బండారం బయటపడేది. ఏ ఆస్తికైనా ఎవరైనా తీసుకోవచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. పైగా భరణం ఎగ్గొట్టడానికి ఊరికే రాసిచ్చిన ఆస్తయితే, పుచ్చుకున్నవాడి దాకా వెళ్లి పట్టుకోవడానికి చట్టంలో దారి ఉంది. ఆమె అంత దూరం వెళ్లలేదు. వెళ్లే ఓపిక లేకపోయిందేమో. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం దగ్గర మాత్రం గ్రాము తగ్గలేదు. స్త్రీధనం అచ్చంగా ఆడదానిదే, మొగుడి దగ్గరున్నది నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము కిందే లెక్క అని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేలిపోయింది. రసీదులన్నీ ముందు పెట్టి నగలన్నీ లెక్కచూసుకుని పట్టుకెళ్లింది. ఆపైన మొత్తం భరణం కింద 12 లక్షలకి ఒప్పుకుంది. హిందూ వివాహ చట్టం 13బీ కింద పరస్పర అంగీకారంతో విడాకులు. అప్పటికి విడిగా ఉండి ఏడాదిన్నర దాటింది కాబట్టి, 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి, ఆర్నెల్ల గడువు కూడా మాఫీ చేయించుకున్నారు.

‘‘పన్నెండుతో వదిలింది’’ అంటూ అన్నగారు మా ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచాడు. నేనూ తిన్నాను, తినలేదంటే అబద్ధం.

తిరిగి రాయించుకునే పని మాత్రం తెమల్లేదు. ముందు ఆషాఢం అడ్డొచ్చింది. తరవాత తమ్ముడి కొడుకు కాలేజీ సీటు. ఆ తరవాత శూన్యమాసం. ఇంతలో తమ్ముడి కాపురంలోనే గొడవలు మొదలయ్యాయి. మరదలు గుడివాడలో పుట్టింటికి వెళ్లిపోయిందని విని అన్నగారు నిజంగానే బాధపడ్డాడు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఓదార్చి, తన లాయరు నంబరిచ్చి, మొదటి ఫీజు కూడా తనే కట్టాడు. 2024లో వాళ్లకీ 13బీ కిందే విడాకులొచ్చాయి.

ఆ డిక్రీ పట్టుకుని తమ్ముడు నా దగ్గరికొచ్చాడు. ఒప్పందం ప్రకారం శాశ్వత భరణం కింద భార్యకి స్థలమూ ఫ్లాటూ రాసివ్వాలట. సర్వే నంబరు చూడగానే గుర్తుపట్టాను. ఎలా తెలిసిందో, దస్తావేజు మీద ముద్ర పడిన గంటకి అన్నగారు స్కూటరు స్టాండు కూడా వేయకుండా లోపలికొచ్చాడు.

‘‘ఒరేయ్, అవి నావి కదరా!’’

తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ‘‘నీవని ఎలా చెప్పమంటావన్నయ్యా? నీకేమీ లేదని కోర్టులో నువ్వే ప్రమాణం చేశావు. నీవని నేనంటే దొంగ అఫిడవిట్ కింద నిన్ను లోపలేస్తారు. వదిన మళ్లీ కోర్టుకెక్కుతుంది. నా సంసారం పోతే పోయింది, నువ్వైనా బాగుండాలని నోరు మూసుకుని సంతకం పెట్టాను.’’

అన్నగారు కాసేపు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. తరవాత తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చాడు. నా టేబుల్ మీద స్టాంపు ప్యాడు పక్కనున్న మంచినీళ్ల గ్లాసు ఇద్దరికీ నేనే అందించాను.

నెల తిరిగాక ఒక ఆదివారం పొద్దున్నే ఆయన నాకు ఫోన్ చేశాడు. మరదలితో బేరమాడి, కనీసం స్థలమైనా కొనుక్కుంటాడట. గుడివాడలో వాళ్ల ఇల్లెక్కడో తమ్ముణ్ణి అడిగి తెలుసుకుని, అటునుంచి అటే వెళ్దామన్నాడు. అగ్రిమెంటు రాయడానికి నన్నూ రమ్మన్నాడు. ఇద్దరం కానూరులో తమ్ముడింటికి వెళ్లాం. బెల్లు కొడితే తలుపు తీసింది మరదలు. తలకి తువ్వాలు, చేతిలో అట్లకాడ, మెడలో పసుపుతాడూ నల్లపూసలూ. లోపల్నించి పెసరట్టు వాసన. దొడ్లో తమ్ముడు గెడ్డం గీసుకుంటూ పాడుతున్నాడు.

‘‘రండి బావగారూ, సమయానికే వచ్చారు. ఇద్దరికీ చెరో రెండు వేస్తాను’’ అంది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె మెడ వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు. ‘‘అమ్మాయ్... మీకు విడాకులు...’’

‘‘అయ్యో రామ, దానికేనా అంత కంగారు?’’ అంది మరదలు నవ్వుతూ. ‘‘ఊరికే కాగితం మీదే బావగారూ!’’