కొనుక్కొచ్చిన పండుగ

మా రోజుల్లో క్రిస్మస్ నెల ముందే ఇంట్లోకి వచ్చేసేది. ఇప్పుడు ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం డెలివరీ కుర్రాడు అట్టపెట్టెలో తెచ్చి గుమ్మంలో పెట్టి పోతున్నాడు. కేకూ అందులోనే, నక్షత్రమూ అందులోనే. ప్లగ్గు పెడితే పండుగ వెలుగుతుంది, జనవరి రెండుకల్లా మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

మాది డోర్నకల్ వైపు. మగ్గాల పనికి సూరత్ వచ్చి, తర్వాత బార్డోలీలో స్థిరపడ్డాను. ఇక్కడ మగ్గాలు ఆగేది దీపావళికి. డిసెంబరులో ఒక్కరోజు సెలవు కోసం సేటు ముందు ఎంతసేపు నిలబడాలో అడిగినవాళ్లకే తెలుసు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ బార్డోలీ మీదుగానే వరంగల్ వైపు పోయేది, ఎక్కే వీలు మాత్రం మాకు ఉండేది కాదు. అందుకే పండుగను ఇక్కడే చేసుకోవడం నేర్చుకున్నాం.

నక్షత్రానికి సామాను మాకు గుజరాతే ఇచ్చింది. జనవరి 14 ఉత్తరాయణానికి డిసెంబరులోనే పతంగుల దుకాణాలు తెరుస్తారు. వెదురు బద్దలు, పల్చటి రంగు కాగితం అక్కడే దొరికేవి. మైదా ఉడికించిన జిగురు పిల్లల మోచేతుల దాకా అంటేది. మధ్యలో బల్బు వేలాడదీసి, కాగితానికి తగలకుండా తీగతో కట్టడం పెద్దవాళ్ల పని. ఐదు కొసల్లో ఒకటి ఎప్పుడూ వంకరే. అయినా వీధి చివర్నుంచి చూసి ‘మాది’ అనేవాళ్లు పిల్లలు.

ఇక పిండివంటలు. పక్కింటి పెద్దావిడ, మేము ‘బా’ అనేవాళ్లం, దీపావళికి ఘుఘ్రాలు చేసేది. చూస్తే మన కజ్జికాయలే. ఒక డిసెంబరులో మా ఆవిడ కజ్జికాయలు చేస్తుంటే బా పక్కన పీట వేసుకుని కూర్చుంది. మేము అంచును చక్రంతో కోసేసేవాళ్లం, నూనెలో సగం విచ్చుకునేవి. బా బొటనవేలి గోటితో అంచు కొద్దిగా గిల్లి, లోపలికి మడిచి, మళ్లీ గిల్లి, చివరిదాకా జడ అల్లినట్టు తిప్పేది. ఒక్కటీ పగల్లేదు. లోపల పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, నువ్వులు మావి, జాజికాయ ఆమెది. అప్పట్నుంచి మా ఇంట్లో కజ్జికాయలకు ఆ అంచే. డోర్నకల్‌లో మా చెల్లెలు కూడా ఇప్పుడు అలాగే చేస్తుంది.

మార్పంటే నాకు పడదని మావాళ్లు అంటారు. అది నిజం కాదు. డోర్నకల్ కెతీడ్రల్‌కి ఆలయ పద్ధతి స్తంభాలున్నాయి, మసీదు తరహా గుమ్మటాలున్నాయి. అది 1939లో ప్రతిష్ఠ అయింది. దాన్ని తలపెట్టిన వి.యస్. అజరయ్య గారు తిరునెల్వేలి తమిళులు, 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అయినవారు. తెలుగు నేర్చుకుని, మన పాటను, మన కోలాటాన్ని సంఘంలోకి ఆహ్వానించారు. అలాంటి చోట పుట్టినవాణ్ణి, మార్పుకు ఎందుకు అడ్డుపడతాను? చెయ్యి పెట్టి మార్చుకోండి అంటాను. చెయ్యే తీసేస్తే మార్చుకోవడానికి ఏం మిగులుతుంది?

నాకు అన్నిటికంటే బాధ కేరల్స్ గురించి. తెలుగు కుటుంబాలు కొన్నే ఉన్నా రాత్రి బయల్దేరేవాళ్లం. వ్యారా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ గామిత్, చౌధరీ తెగల క్రైస్తవులు ఢోలుతో కలిసేవాళ్లు. మేము తెలుగులో ఒకటి, వాళ్లు గుజరాతీలో ఒకటి. చెరకు లారీలు చక్కెర ఫ్యాక్టరీకి పోతుంటే రోడ్డు పక్కన ఆగి, అవి దాటాక మళ్లీ అందుకునేవాళ్లం. మంచం పట్టిన ముసలివాళ్ల ఇళ్లకు ముందు వెళ్లాలని నియమం. ఆ ఏడాదిలో వాళ్ల దగ్గరికి ఎవరైనా వచ్చారంటే మేమే. ఇప్పుడు పాట వీడియోగా ఫోనులో వస్తుంది, కింద చేతులు జోడించిన బొమ్మ పెడతారు. మంచంలో ఉన్న మనిషికి ఆ బొమ్మ మంచినీళ్లు అందిస్తుందా?

రాత్రి చలి అంటారు. స్వెట్టర్లు కొనివ్వనా? తెలుగు పాట పిల్లలకు నోరు తిరగదంటారు. గుజరాతీలో పాడండి, ఆ మంచాల్లో ఉన్నవాళ్లకి బాగా అర్థమవుతుంది. కేకు కూడా కొనుక్కోండి, నేను రెండు ముక్కలు తింటాను.

ఈసారి ఇరవయ్యో తారీఖున పీటలు వేస్తున్నాను. కోడలు పిండి కలుపుతానంది. మనవళ్లిద్దరూ అంచు తిప్పాలి, ఇరవై మూడు రాత్రి కజ్జికాయల డబ్బాలు పట్టుకుని నాతో నడవాలి. నాలుగిళ్లే తిరుగుదాం. మొదటిల్లు బా వాళ్లది. ఆమెకిప్పుడు లేచి తలుపు తీసే ఓపిక లేదు.