స్టాకు రిజిస్టరులో నా నంబరు

నేను ఫుట్‌బాల్‌ని. దేశ విభజనప్పుడు సియాల్‌కోట్ వదిలి వచ్చిన పనివాళ్లు జలంధర్‌లో పాదుకొల్పిన పరిశ్రమలో పుట్టాను. ముప్పై రెండు ముక్కలు, లోపల ఒక బ్లాడర్. అంతే నా కులగోత్రాలు.

హిందూపురంలో ఒక బడి నన్ను కొన్నది. బిల్లు అంటించారు, స్టాకు రిజిస్టరులో ఎక్కించారు, నా ఒంటిమీద మార్కరుతో నంబరు వేశారు. గడ్డి మొలవని గ్రౌండు, గట్టు వెంబడి కంపచెట్లు. ముల్లు దిగి గాలి పోతే డ్రిల్లు సార్ సొంత డబ్బుతో కుట్లు విప్పించి బ్లాడర్ మార్పించేవాడు.

ఒక ఎడమకాలి పిల్లోడు ఉండేవాడు. బూట్లు లేవు. వాడు తన్నితే ఎక్కడికి పోవాలో నాకు ముందే తెలిసేది. ఫోన్లో ‘ఆవో ఆషి’ చదివేవాడు. యూగో కొబయాషి 2015లో మొదలుపెట్టిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, అది. ఎహిమె అనే ప్రాంతపు పేద పిల్లాడు టోక్యో క్లబ్బు యువజట్టులో చేరే కథ. పిల్లోడు గోల్స్ చూసి మురిసేవాడు. నేనేమో ఆ కథ వెనకున్న లెక్క చూసేదాన్ని. క్లబ్బు పిల్లలకు నేర్పేది ప్రేమకొద్దీ మాత్రమే కాదు, పెట్టుబడిగా కూడా.

ఆ లెక్కకు ఫిఫా నియమం ఉంది. ఆటగాణ్ణి మరో దేశపు క్లబ్బు కోటి రూపాయలిచ్చి కొంటే, అందులో 5 శాతం, అంటే 5 లక్షలు, 12 నుంచి 23 ఏళ్ల మధ్య వాడికి నేర్పిన క్లబ్బులకు పంచాలి. పదిహేనేళ్ల వయసు దాకా నేర్పిన ఒక్కో ఏడాదికి 25 వేలు, ఆపైన ఒక్కో ఏడాదికి 50 వేలు. కానీ నేర్పిన క్లబ్బూ, ఆటగాడి పేరూ ఫుట్‌బాల్ సంఘంలో నమోదై ఉండాలి. మా సార్ నేర్పింది ఏ కాగితంలోనూ లేదు.

పెనుకొండలో మ్యాచ్‌కు పోతుంటే ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ కనబడింది. 2019లో కార్ల తయారీ మొదలైంది అక్కడే. ఖతార్ వరల్డ్‌కప్‌లో గీత పక్క బోర్డుల మీద వెలిగిన పేరూ అదే. నా ఆట చుట్టూ అంత డబ్బు తిరుగుతుంటే, మావాళ్లు వ్యాను బాడుగకు తలా కొంత వేసుకున్నారు.

అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామం ఉంది. స్పెయిన్ దాతల సొమ్ముతో పల్లె పిల్లలకు ఆట నేర్పేవారు. పిల్లోణ్ణి అక్కడికి పిలుచుకుపోయే తీరిక మా బడిలో ఎవరికీ దొరకలేదు. సార్‌కు బదిలీ అయింది. పదో తరగతి అయ్యాక పిల్లోడు ధర్మవరంలో వాళ్ల మామ మగ్గం దగ్గర కూర్చున్నాడు. చీర పూర్తయితే కూలి చేతికొస్తుంది. గోల్‌కు ఎవరిస్తారు?

నన్ను స్టోరు రూములో విరిగిన క్యారమ్ బోర్డు కింద పడేశారు. గాలి పోయింది, పంప్ ఉంది, సూది లేదు. సూదికి బిల్లు పెట్టడం నామోషీ కాబోలు! ఎండాకాలానికి కుట్లు పిగిలాయి, బల్లి గుడ్లు పెట్టింది. చివరికి తనిఖీకి వచ్చినవాళ్లు నన్ను అటూ ఇటూ తిప్పి ‘పనికిరానిది’ అని రాసి సంతకాలు పెట్టారు. ఒక తోలు సంచిని తీసేయడానికి ఇంతమంది సాక్షులు. పిల్లోడు ఆట మానినప్పుడు ఎవరి సంతకమూ అక్కర్లేకపోయింది.

రేపు కొత్త బంతి కొంటారు గదా, దాంతోపాటు ఒక లాంగ్ నోటుబుక్కూ కొనండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఏ ఏడాది ఎవరు నేర్పారో రాసి, జట్టును సంఘంలో నమోదు చేయించండి. నోటుబుక్కు నాకంటే చౌక. ముల్లు గుచ్చుకున్నా గాలి పోదు.