తుపాకీ చీపురు

ఇంట్లో చీపురు ఏ మూలన ఉంటుందో తెలియని మగమహారాజు మూడు వారాలుగా నిద్ర మానుకుని చదువుతున్నాడంటే, కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ కొనబోతున్నాడన్నమాట. పూల చీపురు పడితే పరువు పోతుంది. దానికే ఓ పిడి, పిడికి తుపాకీ మీట, కొసన లైటు తగిలించి 30,000 రూపాయలు చెప్పండి: అది యంత్రమైపోతుంది, ఆయన ఇంజనీరైపోతాడు. రోజూ నడుం వంచి ఊడ్చేవాళ్లని మాత్రం ఒక్క మాట అడగడు. ఆ అడగకపోవడం మీదే అమ్మేవాళ్ల వ్యాపారమంతా నడుస్తోంది. పెట్టె మీది అంకెలన్నీ కొనేవాడి కోసం వేసినవే మరి.

పీల్చే శక్తి 25,000 పాస్కల్స్ అంటుందొకటి. పక్కది 30,000 అంటుంది. ఆయన చెయ్యి వెంటనే పక్కదాని మీదికి పోతుంది. అయ్యా, ఆ అంకెను గొట్టం మూతి పూర్తిగా మూసేసి కొలుస్తారు. మూతి మూస్తే గాలి కదలదు, గాలి కదలందే దుమ్ము లేవదు. యంత్రం ఏ పనీ చేయలేని క్షణంలో దానికున్న బలం అది! బరిలోకి దిగకుండా గట్టు మీద మీసం తిప్పే పహిల్వానులు మనకు కొత్తేం కాదనుకోండి. పీల్చే బలమూ, లోపలికి పారే గాలీ రెండూ కలిసిన లెక్క ఎయిర్ వాట్స్. అది అడిగి చూడండి, సేల్స్ కుర్రాడు మేనేజరు కోసం వెతుక్కుంటాడు.

ఇక బ్యాటరీ. "60 నిమిషాల వరకు" అని రాసి, ఆ "వరకు"ను చీమ తలకాయంత చేస్తారు. బ్రష్ పీకేసి, అన్నిటికన్నా తక్కువ వేగంలో నడిపితే ఆ గంట వస్తుంది. అసలు లెక్క వేళ్ల మీద వేసుకోవచ్చు. 3.6 వోల్టుల సెల్లులు 6, ఒక్కోటి 2.5 ఆంపియర్ అవర్లు అనుకుందాం. మొత్తం 54 వాట్ అవర్లు. మోటారు 450 వాట్లని అదే పెట్టె మీద గొప్పగా వేశారు కదా, భాగించండి. 7 నిమిషాలు! దీపాలు పెట్టాక ఇల్లు ఊడవకూడదని మన పెద్దలన్నారు. ఈ మహాతల్లి హాలు దాటగానే ఇక ఊడవనని గోడెక్కి, గంటల తరబడి చార్జింగు తాగుతుంది.

తెల్లవాళ్లు ఇలా మోసపోరనుకోకండి. యూరప్‌లో 2014 నుంచి వాక్యూమ్ క్లీనర్లకు కరెంటు పొదుపు లేబుళ్లు అంటించారు. ఆ పరీక్షలు దుమ్ముసంచి ఖాళీగా ఉంచి చేసినవి. వాడకంలో సంచి నిండుతుంది కదా అని, వాక్యూమ్ క్లీనర్లు చేసే డైసన్ కంపెనీ కోర్టుకెక్కితే 2018లో ఆ లేబుళ్ల నిబంధనే ఎగిరిపోయింది.

మన దుమ్ము మరీ మొండిది. ముగ్గుపిండి, అగరుబత్తి నుసి, గోధుమపిండి వెళ్లి ఫిల్టరు గొంతులో కూర్చుంటాయి. కడిగితే ఓ రోజంతా ఆరాలి, వానాకాలంలో ఇంకెన్నాళ్లో. తివాచీల కోసం పుట్టిన గట్టి బ్రష్‌ను మన టైల్స్ మీద తిప్పితే, ఒలికిన ఆవాలు సోఫా కిందకి తూటాల్లా పోతాయి. మెత్తటి రోలరుందా, దానికి చుట్టుకున్న జడ వెంట్రుకలు కత్తెర లేకుండా వస్తాయా, బ్యాటరీ విడిగా ఊడుతుందా, కొత్తది ఎంతకు దొరుకుతుంది? ఊడ్చేవాళ్లయితే ఇవి అడిగేవాళ్లు.

అసలు ఇంట్లో వాడుకునే కరెంటు వాక్యూమ్ క్లీనర్‌కు దారి వేసినవాడూ ఊడ్చేవాడే. ఒహాయోలోని కాంటన్‌లో స్పాంగ్లర్ అనే ఆయన ఓ దుకాణం ఊడ్చేవాడు. ఉబ్బసం ఉండడంతో తివాచీ దుమ్ము పడేది కాదు. ఫ్యాను మోటారు, సబ్బు పెట్టె, దిండు గలీబు, చీపురు కర్ర కలిపి కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. తర్వాత అది హూవర్ అనే వ్యాపారి చేతికి పోయి, ఆ హూవర్ పేరే ఊరూరా మోగింది.

మన మగమహారాజు 30,000 పాస్కల్స్‌దే తెచ్చాడు. ఆదివారం 7 నిమిషాలు కాల్చి, బంధువుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. సోమవారం పొద్దున పనిమనిషి వచ్చి, గోడ మీంచి దాన్ని ఒంటిచేత్తో దించి, మణికట్టు పట్టుకుంది.

"ఇదెంత బరువుందేంటమ్మా?" అంది.

మూడు వారాల్లో ఆయనకు ఒక్కసారీ తట్టని ప్రశ్న అది.