ఆడ దోమా, మగ దోమా?

మొత్తానికి బెజవాడ దోమకు మంచిరోజులొచ్చాయి. ఇన్నేళ్లూ చప్పట్లు కొట్టి చంపడమే తప్ప దాని గోత్రనామాలు అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు కృత్రిమ మేధే స్వయంగా పలకరించబోతోంది. రాష్ట్రంలో ఆరు నగరాల్లో 66 చోట్ల దోమల్ని లెక్కపెట్టే యంత్రాలు పెడతామని 2025 జూలైలో ప్రకటిస్తే అందులో 28 మనకే. విశాఖ అంతటి మహానగరానికి 16, కాకినాడకు ముష్టి నాలుగు. మెట్రో రైలు రాకపోతే రాకపోయింది, దోమల్లోనైనా మన వాటా మనకు దక్కింది.

యంత్రం ఏం చేస్తుందో పేపర్లో రాశారు. ఎన్ని దోమలున్నాయో చెబుతుందట. ఏ జాతివో చెబుతుందట. అంతటితో ఆగకుండా ఆడదో మగదో కూడా తేలుస్తుందట. మామూలుగా నాకు దోమల వల్ల నిద్ర పట్టదు. ఆ రోజు ఈ వార్త వల్ల పట్టలేదు.

కుట్టేది ఆడదోమే. బడికెళ్లే ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. గుడ్లు పెట్టడానికి దానికి నెత్తురు కావాలి. మగదోమ పువ్వుల్లో తేనె తాగి, ఎవరి జోలికీ పోకుండా నాలుగు రోజులు బతికి పోతుంది. మోచేతి మీద వాలినది ఎవరో తెలియాలంటే ఒక్క దెబ్బ వెయ్యండి. నెత్తురు చుక్క కనిపిస్తే ఆడది. దీనికో స్తంభం, దానికో సెన్సరు, ఆ సెన్సరుకో ఇంటర్నెట్టు, తెర ముందు కుర్చీలో ఒక అధికారి!

ఇలాంటి యంత్రాలు సాధారణంగా రెక్కల చప్పుడు బట్టి లెక్క తేలుస్తాయి. ఆడదాని రెక్కల నాదం కాస్త మంద్రంగా ఉంటుంది, మగదానిది అంతకన్నా కీచు. సరే, ఘంటసాల పేరుతో సంగీత కళాశాల నడుస్తున్న ఊరు మనది. రాత్రి ఒంటిగంటకు దోమతెర చిల్లులోంచి దూరి కుడిచెవి పక్కన ఆలాపన అందుకున్నది ఏ శ్రుతిలో పాడుతోందో చెప్పగలిగిన విద్వాంసులు సత్యనారాయణపురంలో వీధికి పదిమంది ఉంటారు. వాళ్లనెవరూ అడగలేదు.

రేపటి సమీక్షా సమావేశం నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. తెర మీద బొమ్మ, ఆడదోమలకు గులాబీ రంగు, మగదోమలకు నీలం. "ఆ డివిజన్లో మగవి ఎందుకు తగ్గాయి?" "సార్, అవి స్తంభం దగ్గరికి రావడం లేదు సార్." "వచ్చే సమీక్షకల్లా రావాలి." ఇంకా పిల్లల్ని కనండి, జనాభా పెంచండి అని పాలకులు 2024 నుంచి మొత్తుకుంటున్నారు. ఆ పిలుపును మనసా వాచా కర్మణా అందుకున్న జీవి రాష్ట్రంలో ఒక్కటే. దాన్ని పట్టుకుని ఇప్పుడు లింగనిర్ధారణ పరీక్ష చేస్తామంటున్నారు. మనుషుల్లో అది నేరం, గుర్తుందిగా.

దోమ పొట్ట కోసి చూసిన మొనగాడు మన తెలుగునేల మీదే పనిచేశాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఓ సూక్ష్మదర్శిని ముందు చెమటలు కక్కుతూ కూర్చుని, దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున చెల్లించాడు. తెల్లవాడి పాలనలో కుడితే మనకు డబ్బులిచ్చారు. స్వరాజ్యంలో కుట్టించుకుంటూ మనమే పన్ను కడుతున్నాం. పాత ప్రభుత్వం చెత్తకు పన్నేసింది, కొత్త ప్రభుత్వం దోమకు జనాభా లెక్కలేస్తోంది. దొందూ దొందే.

అన్నట్టు, ఇది మొదటిసారి కూడా కాదు. 2016లో ఇదే విజయవాడలో, విశాఖలో, తిరుపతిలో దోమల సెన్సర్లు పెడతామని ప్రకటించారు. ఆ ఏడాదే "దోమలపై దండయాత్ర" అని బడిపిల్లల్ని ఎండలో ఊరేగించారు. దండు వెళ్లింది, యాత్ర జరిగింది, దోమలు గెలిచాయి. ఆ సెన్సర్లు ఏ అటక మీదున్నాయో కనిపెట్టే సెన్సరు మాత్రం ఇంకా రాలేదు.

ఇంకా చిత్రం చూడండి. ఆ 2025 జూలైలోనే స్వచ్ఛ సర్వేక్షణ్ వాళ్లు మనల్ని ఇందోర్, సూరత్‌ల సరసన "సూపర్ స్వచ్ఛ లీగ్"లో కూర్చోబెట్టారు. మన శుభ్రతకు ఢిల్లీలో సన్మానం, మన దోమలకు ఊళ్లో 28 పరిశోధన కేంద్రాలు, అంతా ఒకే నెలలో. రెండు కాగితాల మీదా సంతకాలున్నాయి కాబట్టి రెండూ నిజమే అయ్యుండాలి.

వాట్సాప్‌లో ప్రభుత్వం 2025 జనవరిలో 161 సేవలు మొదలుపెట్టిందట, కాలువలో పూడిక తియ్యడం అందులో ఎన్నోదో వెతుక్కోవాలి. అమరావతికి క్వాంటం కంప్యూటరు వస్తోందట, రానివ్వండి. 2025 మార్చిలో ఫొటోల్ని కార్టూన్లుగా మార్చే జిబ్లీ బొమ్మల పిచ్చి పట్టినప్పుడు మా బంధువొకాయన బందరు కాలువ గట్టున తన ఫొటో యంత్రానికిస్తే, అది నీళ్లకు నీలం రంగేసి తామరపూలు పూయించింది. ఆయన ఇప్పటికీ అదే కాలువ అనుకుంటున్నాడు.

ఆ కాలువలో నిజంగా ఏముందో గట్టున నిలబడి ఒక్క నిమిషం చూడండి. ఏలూరు, బందరు, రైవస్, మూడు కాలువలు ఊరి మధ్యలోంచి పోతాయి. వాటి రెండు గట్ల మీది మురుగూ వాటిలోకే. ఆ నీళ్లు అక్కడితో ఆగవు. కింద గుడివాడ, బందరు దాకా పల్లెల్లో మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ కాలువల నుంచే. మనం ఉమ్మింది వాళ్లు తాగుతున్నారు. ఇది కనిపెట్టడానికి ఏ మేధా అక్కర్లేదు, ముక్కుంటే చాలు.

వాననీటి కాలువల కోసం కేంద్రం 461 కోట్లు ఇచ్చింది. తవ్వకాలు మొదలై పదేళ్లు కావస్తోంది. చాలా వీధుల్లో ఆ కాలువ ఎక్కడో మొదలై ఎక్కడికీ పోదు. మధ్యలో ఆగిన ప్రతి కాలువా ఒక దోమల పురిటిగది. మురుగులో పుట్టేది ఒక రకం, డాబా మీది తొట్టిలో, పాత టైరులో, కొబ్బరిచిప్పలో మంచినీటిలో పుట్టి పగలే కుట్టి డెంగీ అంటించేది ఇంకో రకం. ఈ సంగతి పాత మలేరియా వర్కర్లకు కంఠతా వచ్చు. గుంటలో గరిటె ముంచి పిల్లపురుగుల్ని లెక్కపెట్టేవాళ్లు. రంపపుపొట్టును వాడేసిన ఆయిల్లో నానబెట్టి మూటగట్టి మురుగులో వేసేవాళ్లు. గంబూసియా చేపల్ని చెరువుల్లో వదిలేవాళ్లు. వాళ్ల పేర్లు, ముఖాలు వీధికి తెలుసు. ఇప్పుడెంతమంది ఉన్నారు? చేతిలో మందుందా? ఆ లెక్క ఏ తెర మీదా రాదు. 2023 డిసెంబరులో పారిశుద్ధ్య కార్మికులు జీతాల కోసం పనులు ఆపి రోడ్డెక్కితే చెత్త పేరుకున్నప్పుడు తప్ప ఈ ఊరికి వాళ్లు కనపడరు. మోకాలి లోతు మురుగులో దిగేవాళ్లకు చేతి తొడుగు ఇవ్వడానికి టెండరు తేలదు, దోమ రెక్కల చప్పుడు వినడానికి మాత్రం తేలుతుంది.

మనిషి అవసరపడిన రోజొకటి చెబుతాను, 2024 సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ముసలివాళ్లు రెండో అంతస్తుల మీద తాగడానికి నీళ్లు లేక చేతులూపారు. నీళ్లొస్తున్నాయి, లేచి వెళ్లండి అని వీధివీధి తిరిగి తలుపు కొట్టిన మనిషి ఏడీ? డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి, కాదనను. అక్టోబరు 22న అదే ఊళ్లో, పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఎగరేసి అయిదు గిన్నిస్ రికార్డులు కొట్టాం. బురద వాసన అప్పటికింకా గోడలకుంది. గట్టు తెగిన చోట మట్టి పోయడం రికార్డుల్లోకి ఎక్కదు మరి.

నాకు యంత్రం మీద కోపం లేదు. అది పాపం వినమన్నది వింటుంది. నా కోపం, ఊరికి జబ్బేమిటో తెలిసి కూడా ఇంకో పరీక్ష రాసిచ్చే వైద్యం మీద. దోమలున్నాయని మనకు తెలుసు, ఎక్కడ పుడుతున్నాయో తెలుసు, ఏం చెయ్యాలో తెలుసు. ఆ పని తెలియనివాళ్లెవరూ లేరు. దిగి చేసే మనిషికి జీతమివ్వడం ఇష్టం లేదు, అంతే.

ఈలోగా ఊరు ఊరులా లేదు. వేసవి సాయంత్రాల్లో నీళ్లు చల్లి డాబా మీద పక్కలేసుకున్న ఊరిది. వీధి అరుగుల మీద రాజకీయాలు, సినిమాలు, పెళ్లి సంబంధాలు అన్నీ తేలిపోయేవి. ఇప్పుడు ఆరు గంటలైతే తలుపులు, కిటికీలు బిగించుకుని లోపల బ్యాట్లు ఝళిపిస్తున్నాం. పక్కింటాయనతో మాట్లాడాలంటే దోమలు. అందుకని ఫోన్లో యంత్రంతో మాట్లాడుతున్నాం. అది కుట్టదు, అప్పు అడగదు, మనమేమన్నా "బాగా చెప్పారు" అంటుంది. లోపల ఆ యంత్రం, వీధిలో ఈ యంత్రం. మధ్యలో అరుగు మీద ఎవరూ లేరు.

అయ్యా, పెట్టే స్తంభాలు పెట్టండి. ఒక్కోదానికి ఒక నల్లబల్ల తగిలించండి. ఈ వీధి కాలువలో పూడిక ఎప్పుడు తీశారు, మళ్లీ ఎప్పుడు తీస్తారు, తియ్యకపోతే ఏ అధికారిని అడగాలి, మూడే మూడు గీతలు. దానికి సెన్సరు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. ఆ తేదీలు రాయడానికి మొహం చెల్లకపోతే బల్ల తీసేసి స్తంభం వదిలెయ్యండి. ఎదురింటి స్తంభానికి తాడు కట్టి బట్టలారేసుకుంటాం. ఎవరి బట్టలో, ఆడవో మగవో, మేమే చెప్పుకుంటాం.