కటక వివాద ఖండం: టీకా తాత్పర్య సహితం

మూలం:
అన్నా! ఇరవైనాలుగు డెబ్బై కంపెనీదే తీసుకోనా, సిగ్మాతో సరిపెట్టుకోనా?

అవతారిక: మాఘమాసపు ముహూర్తాలు ముంచుకొచ్చే ముందు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో వినబడే వాక్యమిది. కర్త ఎవరో తెలియదు. పెళ్లి ఫొటోల మీద బతికే ప్రతివాడూ ఏదో ఒక రోజు దీన్ని రచించినవాడే కాబట్టి కర్తృత్వ వివాదానికి ఇక్కడ చోటు లేదు. ఛందస్సు బేరం. రసం కరుణం, ధర విన్నాక భయానకం. ఆధారం లేని మాట రాయనని మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి పెట్టుకున్న నియమాన్ని ఈ టీకా కూడా చేతనైనంత పాటిస్తుంది.

అన్నా = సంబోధన. ఆ అన్న దుకాణదారు కావచ్చు, పక్కనే నిలబడి ఫిల్టర్ తుడుచుకుంటున్న సీనియర్ ఫొటోగ్రాఫర్ కావచ్చు. దుకాణదారైతే ఆ రోజు స్టాకును బట్టి జవాబు చెబుతాడు. సీనియరైతే తాను పోయినేడు కొన్నదాన్ని బట్టి. ఇద్దరి మాటా ప్రమాణం కాదు.

ఇరవైనాలుగు డెబ్బై = 24 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా జరిగే జూమ్ లెన్సు. 'ఎఫ్ 2.8' అన్నది అధ్యాహారం. అడిగేవాడూ అనడు, ఇచ్చేవాడూ అడగడు. అర్ధరాత్రి దాటిన ముహూర్తానికి ఫంక్షన్ హాలు దీపాల్లో అంతకంటే చిన్న రంధ్రంతో నెగ్గుకు రావడం కష్టమని ఇద్దరికీ తెలుసు. మండపం మీద పురోహితుడు, నలుగురు తల్లిదండ్రులు, వీడియో కుర్రాడు, అతని లైటు పట్టుకున్న ఇంకో కుర్రాడు ఉంటారు. వెనక్కి జరగడానికి అడుగు నేల ఉండదు. అప్పుడు 24. మరుక్షణం జీలకర్రబెల్లం పెట్టే వేళ్లు కావాలి. అప్పుడు 70. నడుమ లెన్సు మార్చుకుంటానంటే పురోహితుడు మంత్రం ఆపడు.

ఇక్కడొక పాఠాంతరం ఉంది. 'ఇరవైయెనిమిది డెబ్బైఅయిదు' అని టామ్రాన్ సంప్రదాయం. 2018లో సోనీ కెమెరాల కోసం వచ్చిన ఆ లెన్సు బరువు 550 గ్రాములు. అప్పటికి సోనీ సొంత 24-70 జీ మాస్టర్ 886 గ్రాములు. ముహూర్తానికి ముందు నుంచి అప్పగింతల దాకా మెడలో మోసేవాడికి ఆ తేడా ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పోయింది నాలుగు మిల్లీమీటర్లే కదా అంటారు గానీ, ఆ నాలుగుతో చూపు వెడల్పు 84 డిగ్రీల నుంచి 75కి తగ్గుతుంది. గ్రూపు ఫొటోలో ఆ తొమ్మిది డిగ్రీల మేర నిలబడేది తప్పకుండా పెళ్లికొడుకు మేనత్తే అవుతుంది. ఆల్బమ్ మొదట తిరగేసేదీ ఆవిడే. హాలు చిన్నదైతే ఈ పాఠం గ్రాహ్యం కాదు.

కంపెనీదే = బాడీ మీద ఏ పేరుందో లెన్సు మీదా ఆ పేరే ఉన్నది. ఆక్షేపణ: మరి సిగ్మా కంపెనీ కాదా, గ్రామ పంచాయతీయా? సమాధానం: కంపెనీయే. 1961లో మిచిహిరో యమాకి స్థాపించాడు. లెన్సులన్నీ ఈనాటికీ జపాన్‌లోని ఐజు కార్ఖానాలోనే తయారవుతాయి. టామ్రాన్ ఇంకా పాతది, 1950 నాటిది. అయినా గల్లీ వ్యాకరణంలో 'కంపెనీ' రూఢి శబ్దం. సోనీకీ, కెనాన్‌కూ, నికాన్‌కూ తప్ప చెల్లదు.

ఆ చివరి 'దే' మీద వ్యాఖ్యాతలు కొంతసేపు ఆగక తప్పదు, ఎందుకంటే నమ్మకమంతా అందులోనే ఉంది. కంపెనీ లెన్సు అంటే కంపెనీవాడే గాజు సానబట్టి చేసినదని అర్థమైతే, 2021 డిసెంబరులో నికాన్ ప్రకటించిన 28-75 ఎఫ్ 2.8 ముందు ఆ అర్థం నిలవదు. దానిలో 12 గుంపులుగా అమర్చిన 15 గాజుబిళ్లలు ఉన్నాయి. టామ్రాన్ 2018 లెన్సులోనూ అంతే. ఫిల్టర్ కొలత రెండింటికీ 67 మిల్లీమీటర్లు. బరువు అక్కడ 550, ఇక్కడ 565 గ్రాములు. నికాన్‌దే 17-28 ఎఫ్ 2.8 తీసుకున్నా 11 గుంపుల్లో 13 బిళ్లలు. టామ్రాన్ 17-28లోనూ అదే లెక్క. అట్ట మీద మాత్రం నికాన్ పేరొక్కటే. ఒకే మూలానికి రెండు ముద్రణలని విమర్శకులు ఏనాడో పోల్చి చూశారు. కొనేవాళ్లే గమనించలేదు.

సరిపెట్టుకోనా = లేనివాడు ఉన్నదానితో గడుపుకోవడం. ఈ క్రియాపదం వెనక ఒక యుగపు చేదు జ్ఞాపకం ఉంది. వదులుగా ఊగే జూమ్ రింగు, గర్రుమనే ఫోకస్ మోటారు, మసక మూలలు: ఒకప్పటి థర్డ్ పార్టీ లెన్సుల్లో ఇవి ఉన్న మాట నిజం. అయితే 2012లో సిగ్మా 35 మి.మీ. ఎఫ్ 1.4 ఆర్ట్ లెన్సు తెచ్చాక ఆ క్రియకు కాలం చెల్లడం మొదలైంది. మరుసటేడు అదే సంస్థ 18-35 ఎఫ్ 1.8 తెచ్చింది. జూమ్ పొడుగునా ఎఫ్ 1.8 నిలిపే ఏపీఎస్-సీ లెన్సు అంతవరకూ కెనాన్ దగ్గరా లేదు, నికాన్ దగ్గరా లేదు. సిగ్మా 24-70 రెండో అవతారం 2024లో వచ్చింది, సుమారు 735 గ్రాములు. సోనీ రెండో జీ మాస్టర్ 695. ఈ 40 గ్రాముల తేడాకు 'సరిపెట్టుకోవడం' అనేది చాలా పెద్ద మాట.

పూర్వపక్షం: అలాగైతే ధర తక్కువదే కొనవచ్చు గదా!

సిద్ధాంతం: తొందర పడకూడదు. మూలకర్త అడగాల్సిన అసలు ప్రశ్న వాక్యంలో ఎక్కడా లేదు. అది మౌంటు. లెన్సూ బాడీ కలిసేచోట ఇత్తడిరంగు చుక్కలు వరసగా ఉంటాయి. ఫోకస్ ఎంత జరపాలో, రంధ్రం ఎంత మూయాలో బాడీ ఆ చుక్కల ద్వారానే చెబుతుంది. ఆ భాష కంపెనీ సొత్తు. 1987లో కెనాన్ ఈఎఫ్ మౌంటు తెచ్చినప్పుడు బయటివాళ్లకు ఆ నిఘంటువు ఇవ్వలేదు. సిగ్మావంటివాళ్లు చెవి ఒగ్గి నేర్చుకున్నారు. కొత్త బాడీలు రెండు మాటలు కొత్తగా మాట్లాడేసరికి పాత సిగ్మా లెన్సులు కొన్ని మూగబోయి, తెర మీద ఎర్రర్ వచ్చి కూర్చునేది. చిప్పు మార్పించుకున్నవాళ్లు బతికారు.

సోనీ దారి వేరు. ఈ-మౌంటు ప్రాథమిక వివరాలను 2011లో ఇతర తయారీదార్లకు తెరిచింది. టామ్రాన్‌లో సోనీ చాలాకాలంగా వాటాదారు అన్నది కూడా ఈ ఔదార్యాన్ని మెచ్చుకునేటప్పుడు గుర్తుంచుకోవాలి. తెరిచిన తలుపుకూ గడప ఉంది. ఏ1 కెమెరా సొంత లెన్సుతో సెకనుకు 30 ఫ్రేములు తీస్తే, బయటి లెన్సుతో 15 దగ్గర ఆగుతుంది. మూడు ముళ్లకు 15 ధారాళంగా చాలు. నేలపట్టులో రెక్క విప్పిన గూడబాతుకు చాలకపోవచ్చు. పక్షుల వెంటపడేవాళ్లకు ఇంకో చిక్కుంది. సిగ్మా 150-600 లెన్సును ఎల్-మౌంటులో కొంటే సిగ్మా టెలికన్వర్టర్ తగిలించుకోవచ్చు. అదే లెన్సును సోనీ మౌంటులో కొంటే కుదరదు. గాజు ఒకటే, కార్ఖానా ఒకటే, అనుమతి వేరు.

కెనాన్ ఆర్ఎఫ్ కథ మరీ కఠినం. 2018లో వచ్చిన ఆ మౌంటుకు ఆటోఫోకస్ లెన్సులు చేసి అమ్మిన చైనా సంస్థ విల్ట్రాక్స్ 2022లో వాటిని మానుకోవలసి వచ్చింది. తన పేటెంట్లకు భంగం కలిగిందని కెనాన్ పట్టుబట్టింది. 2024 ఏప్రిల్లో సిగ్మా, టామ్రాన్‌లకు లైసెన్సు దక్కింది గానీ ముందుగా తెరుచుకున్నది చిన్న సెన్సరు లెన్సుల గదే. ఫుల్‌ఫ్రేమ్ ఆర్ బాడీ కొన్న పెళ్లి ఫొటోగ్రాఫర్ నోట మన మూలవాక్యం వినబడితే, రెండో సగం అతను అలవాటుకొద్దీ అంటున్నాడని గ్రహించాలి.

తాత్పర్యం: ఓ అన్నా! సోనీ బాడీ ఉండి, పెళ్లిళ్లూ రిసెప్షన్లూ బతుకుతెరువైనవాడు సిగ్మా కొనవచ్చు. మిగిలిన డబ్బుతో రెండో ఫ్లాషో, ఒక 85 ప్రైమ్ లెన్సో వస్తుంది. ఆటలకూ పక్షులకూ వెళ్లేవాడు కంపెనీదే కొనాలి. నికాన్ జడ్ వాడేవాడు గాజుబిళ్లల లెక్క చూసుకుని, పేరుకు ఎంత ఇస్తున్నాడో తేల్చుకుని ఇవ్వాలి. మళ్లీ అమ్మేటప్పుడు కంపెనీదానికే కాస్త మంచి రేటు పలుకుతుందన్న దుకాణదారు మాట ఒక్కటి మాత్రం ప్రమాణంగా తీసుకోవచ్చు.

ఏది కొన్నా డబ్బు లెక్కపెట్టే ముందు గల్లీలోకి వచ్చి, ఎదుటి దుకాణం బోర్డుకు సూటిగా నిలబడి, ఎఫ్ 2.8లో ఒకటి 24 దగ్గర, ఒకటి 70 దగ్గర ఫొటో తీయండి. తెర మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. ఒక మూల అక్షరాలు మిగతా మూడింటికంటే మసకగా ఉంటే లోపలి బిళ్ల పక్కకు జరిగి ఉండవచ్చు. ఇంకో పీసు అడగండి. బిల్లు మీద సీరియల్ నంబరూ, ఇండియా వారంటీ కార్డు మీద దుకాణం ముద్రా వేయించుకోండి.