వేసుకున్నట్టు ఉండకూడదు

మా పెద్దవదిన లిప్‌స్టిక్ వేసుకోదు. ఈ సంగతి ఆవిడే చెబుతుంది, పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. "నాకవన్నీ అలవాటు లేవమ్మా" అంటుంది. ఆ మాట అంటున్నప్పుడు పెదవుల మీద లిప్‌స్టిక్ ఉంటుంది.

ఈ బాపతు మనిషి మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. వేసుకుంటే మొహం కళకళ్ళాడాలి, వేసుకున్నట్టు మాత్రం ఉండకూడదు. దుకాణాలవాళ్ళు వీళ్ళ కోసమే పలచటి బెర్రీ పింకు ఒకటి కనిపెట్టారని నా అనుమానం.

మొన్న శ్రావణంలో పెళ్ళికని బెజవాడ బీసెంట్ రోడ్డుకి నన్ను తోడు తీసుకెళ్ళింది. "నీకేమైనా కొనుక్కుందువుగాని రావే" అంది. ఆవిడ కొనుక్కునేవన్నీ నా పేరు మీదే కొంటుంది. దుకాణంలో అమ్మాయితో కూడా, "మా ఆడపడుచుకమ్మా, నాక్కాదు" అని చెప్పి, చెయ్యి మాత్రం తనదే చాపింది.

ఇక మొదలు. కొత్త రంగులకి ఆవిడ పాత పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఇది కనకాంబరం. ఇది వంకాయ. ఇది మరీ ఉల్లిపొర, పథ్యం తింటున్నదాని మొహంలా ఉంటుంది. ఇది రాణీ రంగు, మా అత్తగారు చూస్తే ఇంట్లోకి రానివ్వదు. (ఆ అత్తగారు మా అమ్మే. వదిన చెప్పేంత గయ్యాళి కాదు.) మణికట్టు దగ్గర మొదలైన చారలు మోచేతి దాకా వచ్చి, చెయ్యి మంగళగిరి చీర అంచులా తయారయింది. అయినా నమ్మకం లేదు. "ట్యూబులైటు మోసమే, ఎండలో చూడాలి" అంటూ చీరలు చూసినట్టే ఆ చేతిని నడిరోడ్డు మీదకి పట్టుకెళ్ళింది. వెనక స్కూటరువాడు హారన్ కొడితే, "ఉండు బాబూ" అంది.

తిరిగొచ్చాక ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది: "ఈ పలచటి పింకు చేతి మీద తెలీదు మేడమ్. రంగు తక్కువ, నూనె ఎక్కువ. పెదవి సొంత రంగుతో కలిసి కనిపిస్తుంది." అంటే పద్నాలుగు చారలూ దండగ.

"ఏం నూనె?" అంది వదిన అనుమానంగా.

చాలా లిప్‌స్టిక్కుల్లో ఆముదం పడుతుందని నేను నోరు జారాను. "ఆముదమా! చిన్నప్పుడు మా అమ్మ ముక్కు మూసి పోస్తే ఏడిచి చచ్చాం. ఇప్పుడు దానికి నేను డబ్బులివ్వాలా?" అని కాసేపు ఆవేశపడి, ఇచ్చింది.

బేరమాడే వీల్లేని చోట కొన్నందుకు మా అమ్మకి సంజాయిషీ మాత్రం ఆటోలోనే సిద్ధం చేసుకుంది. 1952లో టాటాలు పెట్టిన లాక్మే ఉంది కదా, ఆ పేరు లక్ష్మికి ఫ్రెంచివాళ్ళు పెట్టుకున్న ఉచ్చారణేనని ఎక్కడో విందట. "లక్ష్మీదేవి పేరున్న వస్తువత్తయ్యా, కాదంటారా?" అనాలని ఆవిడ పథకం. కొన్నది ఆ కంపెనీది కాదని నేను గుర్తు చేస్తే, "మీ అమ్మేమైనా పేరు చదివి చూస్తుందా ఏమిటే" అంది.

పెళ్ళిరోజు అద్దం ముందు వేసుకుంది, రుమాలుతో తుడిచింది, మళ్ళీ వేసింది, మళ్ళీ అద్దింది. పలచటి రంగుతో చిక్కిదే, తొందరగా పోతుంది. అందుకని పంక్తిలో పులిహోర ముద్దని పెదవి తగలకుండా పళ్ళతో అందుకుంటూ, గుర్రం గడ్డి అందుకున్నట్టు తిన్నది. మా అన్నయ్య తేరిపార చూసి, "పెదాలు పగిలాయా? కాస్త వెన్న రాసుకో" అన్నాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన గమనించింది అదొక్కటే.

అసలు పరీక్ష మా మేనత్త పెట్టింది. వదిన గడ్డం పట్టుకుని, వెలుగులోకి తిప్పి, "ఎంత బాగా పండాయే నీ పెదాలు! కిళ్ళీలు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. ఒప్పుకుంటే పరువు పోతుంది, కాదంటే కిళ్ళీ చూపించాలి. వదిన రెప్ప వెయ్యకుండా, "అదిగో అత్తయ్యా, చేతులు కడుక్కునే చోట" అంది. పాపం, మోకాళ్ళ నొప్పులతో మేనత్త అంతదూరం వెళ్ళింది. అక్కడ నిజంగానే కిళ్ళీలున్నాయి. వదిన అదృష్టం ఎప్పుడూ అంతే.

ఇంతకీ ఇవన్నీ రాస్తున్న నేనేమీ తక్కువదాన్ని కాదు. ఆరోజు మేనత్త నావైపు తిరిగి, "నువ్వూ వేసుకున్నావా కిళ్ళీ?" అంటే, బుద్ధిగా తలూపాను. ఆ దుకాణంలో వదిన చెయ్యి ఎండలో ఉన్నప్పుడు నేను లోపల అదే రంగు ఇంకోటి బిల్లు వేయించాను.

వదిన పేరు మీద.